మోత మారని సిలిండరు

మస్తానయ్య మేస్త్రిని ఏదైనా అడిగితే నోటితో జవాబు చెప్పడు. ఏదో ఒక బండి చూపించి, చేతులు పెట్టమంటాడు. జవాబు అందులోనే దొరుకుతుందని ఆయన నమ్మకం. కావలి ఊరి చివర బండ్లు బాగుచేసే ఆయన రేకుల షెడ్డులో పని నేర్చినవాళ్ళంతా ఈ అలవాటు గురించి గొప్పగా చెప్పుకుంటారు. మాలకొండయ్య కూడా చాలాకాలం అలాగే చెప్పుకున్నాడు. ఇప్పుడు చెప్పుకోడు.

మాలకొండయ్య ఆ షెడ్డులో పెద్ద శిష్యుడు, పిల్లలు గల సంసారి. అతని తమ్ముడు చెంచయ్య, తన పెళ్ళాం చనిపోయినప్పటి నుంచి, అన్న పంచనే ఉంటున్నాడు. ఉంటున్నాడన్న మాటే గానీ, ఉలుకూ పలుకూ లేదు. పనికి పోడు. పెడితే తింటాడు, లేకపోతే లేదు. భరించీ భరించీ ఒకనాడు పొద్దున్నే మాలకొండయ్య తమ్ముడి చేతికి బట్టల సంచి ఇచ్చి, ఎక్కడికైనా పోయి బతకమన్నాడు. చెంచయ్య మారు మాట్లాడకుండా బస్టాండు వైపు నడిచాడు. ఏడ్చినా తిట్టినా అన్నకు తేలిగ్గా ఉండేది. అదేమీ లేకపోయేసరికి ఉండబట్టలేక, షెడ్డుకు రాగానే గురువు దగ్గర ఉన్నదంతా కక్కేశాడు.

"వాడున్నా ఒకటే, లేకున్నా ఒకటే గురువుగారూ. ప్లగ్గు వైరు పీకినా ఇంజను మోత మారని సిలిండరు వాడు. అందుకే తీసేశాను. తప్పా?"

మస్తానయ్య అతని మొహంలోకి చూసి, షెడ్డులో గోడ పక్కనున్న ఇటుక బట్టీవాళ్ళ పాత పెట్రోలు లారీ చూపించాడు. ఏదో ఒక సిలిండరు మండక ఇంజను మిస్సింగ్ కొడుతోంది, అది ఎక్కడో చూడమన్నాడు.

ఇదేం జవాబని మనసులో గొణుక్కుంటూనే మాలకొండయ్య ఇంజను నడుస్తుండగా ప్లగ్గు వైర్లు ఒక్కొక్కటే పీకి మళ్ళీ తగిలించాడు. పీకిన ప్రతిసారీ ఇంజను వణికింది. ఒక్కదగ్గర మాత్రం ఏ తేడా రాలేదు. అంటే పని చెయ్యనిది అదే. ప్లగ్గు విప్పితే పెట్రోలుతో తడిసి, నల్లగా మసిబారి ఉంది. చచ్చిందని దాన్ని తుక్కులోకి విసిరేసి కొత్తది బిగించాడు. మిస్సింగ్ పోలేదు. ఇంకో కొత్తది పెట్టాడు. అదీ అంతే. ఇలా మధ్యాహ్నం దాటింది. మేస్త్రి బీడీ కాలుస్తూ చూస్తున్నాడే తప్ప పెదవి విప్పలేదు.

చివరికి ఆయనే లేచి షెడ్డు తలుపులు మూసి, చీకట్లో ఆ వైరు మీద నాలుగు నీళ్ళచుక్కలు చిలకరించాడు. వైరు మధ్యలో నుంచి నీలంగా నిప్పురవ్వలు దాన్ని పట్టి ఉంచే ఇనుప క్లాంపు మీదికి దూకసాగాయి. క్లాంపు ఒరుసుకుని అక్కడ వైరు తొడుగు తెగింది. నిప్పంతా దారిలోనే పోతోంది, ప్లగ్గు దాకా చేరడమే లేదు. పోయిన వానాకాలం ఆ క్లాంపును అంత గట్టిగా బిగించింది మాలకొండయ్యే.

తుక్కులో పడేసిన ప్లగ్గుతో పాటే తమ్ముడి చేతికిచ్చిన సంచీ గుర్తొచ్చి, అతను ఇంజను ఆపకుండానే పరుగెత్తాడు. బస్టాండు దగ్గర టీకొట్టు మనిషి, చెంచయ్య పొద్దుటి నుంచీ బెంచీ మీద కూర్చుని వచ్చేపోయేవాళ్ళ మొహాలు చూస్తూ ఉన్నాడనీ, ఇందాకే లేచి కాలవ వైపు పోయాడనీ చెప్పాడు. కాలవ గట్టున సంచి దొరికింది. మనిషి మర్నాడు తూము దగ్గర తేలాడు.

పెద్దకర్మ అయ్యాక మాలకొండయ్య గుండు మీద తువ్వాలు కప్పుకుని షెడ్డుకు వచ్చాడు. పనిలోకి దిగలేదు. గురువు ఎదురుగా నిలబడ్డాడు. ఆయన మీద అతనికి అంత కోపం అంతకుముందెప్పుడూ రాలేదు.

"పోయి తెచ్చుకోరా అని అప్పుడే ఒక్క మాట అని ఉంటే, వాడు ఆ బెంచీ మీదే దొరికేవాడు గదా గురువుగారూ."

మస్తానయ్య లారీ నిలబడిన గోడ వైపు చూశాడు.

"నేనూ లారీనే చూశాను కొండయ్యా, వాణ్ణి చూడలేదు," అన్నాడు.