సగం తలపాగా

ఫలానా రాజ్యమని పేరు చెప్పను గానీ, దాన్ని ఉత్తుంగ భూపతి అనే రాజు ఏలేవాడు. ఆయనకు రెండు గొప్పలు. ఒకటి తలపాగా. వంద మూరల ఏకాండి గుడ్డ, ఎక్కడా అతుకు ఉండకూడదు. ఏటా పట్టాభిషేకం జరిగిన తిథినాడు సాలెలు నేసిచ్చిన కొత్తది చుట్టుకుని, మెడ పీకుతున్నా పొద్దుగూకే దాకా దించేవాడు కాదు. రెండోది తీర్పు. తాంబూలం నోట్లో వేసుకుని, నోరు పండేలోగా ఎంత తగవైనా తేల్చిపారేసేవాడు. ఆ తీర్పు తప్పన్నవాడికి దేశబహిష్కారమే.

ఒకనాడు సాలెల పెద్ద భావనయ్య, కుమ్మరి గురవమ్మ సభకు వచ్చారు. సాలెల ఇళ్ళూ కుమ్మరుల ఇళ్ళూ ఒకే వీధిలో ఉన్నాయి. సాలెలు పడుగు దారాలు బారుగా చాచి గంజి పెట్టేది ఆ వీధిలోనే, కుమ్మరులు పచ్చికుండలు ఆరబెట్టేదీ అక్కడే. తెల్లారితే చాలు, తెగిన దారాలు, విరిగిన కుండలు, తిట్లు.

రాజు రెండుసార్లు నమిలి, "వీధి నడుమ అడ్డంగా గోడ కట్టండి. చెరి సగం" అన్నాడు.

గోడ లేచింది. వారం తిరక్కుండా భావనయ్య వచ్చి, కొలువులో ఉండే వల్లభయ్య ఇంటి అరుగు మీద కూలబడ్డాడు.

"సగం వీధిలో నిండు పడుగు చాచలేమయ్యా. అమావాస్య దాటగానే మగ్గాలు ఊడదీసుకుని పొరుగు రాజ్యానికి పోతాం. పుట్టి పెరిగిన వీధి, వదలాలంటే కడుపు తరుక్కుపోతోంది."

వల్లభయ్యకు జాలేసింది. గురవమ్మనూ పిలిపించి, ఇద్దరికీ మజ్జిగ ఇప్పించి, సభలో ఎవరూ అడగని మాట అడిగాడు.

"మీకు వీధి ఏ వేళప్పుడు కావాలి?"

"తెల్లారగట్టే అయ్యా. ఎండెక్కితే గంజి బిగుసుకుని దారాలు పుటుక్కున తెగిపోతాయి" అన్నాడు భావనయ్య.

"మాకు ఎండెక్కాకే కావాలి" అంది గురవమ్మ.

"మరి తెల్లారేసరికే కుండలు తెచ్చి పరుస్తావెందుకమ్మా?"

"తర్వాతొస్తే ఈయన చోటు ఉంచడని."

భావనయ్య తల గోక్కున్నాడు. "నువ్వు ముందే పరిచేస్తావని నేను ఎండెక్కినా పడుగు తీసేవాణ్ణి కాదు, అక్కా."

మజ్జిగ అయ్యేలోగా ఒప్పందం కుదిరింది. ఇక గోడే మిగిలింది.

"అది కట్టించినవారే తీయించాలి. ఈ ఏటి తలపాగా ఎంత నేయగలవు?" అన్నాడు వల్లభయ్య.

"యాభై మూరలు. అంతకు మించి చాచే చోటు లేదు."

"అంతే నేసి తీసుకురా. మాట్లాడే పని నాది."

పట్టాభిషేకం తిథినాడు నిండు సభలో పరిచారకులు తలపాగా చుట్టడం మొదలెట్టారో లేదో, అయిపోయింది. రాజు మొహం జేవురించింది.

"మిగతాది ఏదీ?"

వల్లభయ్య ముందుకొచ్చాడు.

"గోడ అవతల ఉండిపోయింది ప్రభూ. గుడ్డ ఎంత పొడవుంటే పడుగు అంత పొడవు చాచాలి. వీధి సగమైంది, తలపాగా సగమైంది."

"పడుగు చాచే వీధికి అడ్డంగా గోడ కట్టమన్న బుద్ధిహీనుడెవడు?"

వల్లభయ్య చేతులు జోడించాడు.

"చెబుతాను గానీ, చెప్పినవాడికి దేశబహిష్కారం ప్రభూ. ఒక్కసారి ఇంటికెళ్ళి మూటాముల్లె సర్దుకుని వచ్చి చెబుతాను."

రాజుకు అప్పుడు గుర్తొచ్చింది. కోపంగా తల విదిలించబోయి ఆగాడు. ఎన్నో ఏళ్ళ తర్వాత తలపాగా కింద మెడ హాయిగా తిరిగింది. అటూ ఇటూ తిప్పి చూసుకుని పకపకా నవ్వేశాడు.

"సరే, ఈ తగవుకు నీ తీర్పేమిటి?"

"నేనేం తీర్పు చెప్పలేదు ప్రభూ. వీధి ఏ వేళప్పుడు కావాలని అడిగానంతే. మిగతాది వాళ్ళే తేల్చుకున్నారు. ఎండెక్కే దాకా సాలెలది, ఆ తర్వాత కుమ్మరులది."

రాజు తన మెడలోని ముత్యాల హారం తీసి వల్లభయ్య మెడలో వేశాడు. ఆ సాయంత్రానికి గోడ నేలమట్టమైంది. భావనయ్య, గురవమ్మ చెరో పక్క నిలబడి రాళ్ళు అందించుకున్నారు.

ఆనాటి నుంచి ఇరుపక్షాలు కూర్చుని మాట్లాడుకోవడం అయ్యాకే రాజుగారి తాంబూలం పళ్ళెం సభలోకి వచ్చేది. మరుసటి ఏడు పడుగు చాచడానికి వీధి మొత్తం దొరికినా, తలపాగాకు యాభై మూరలు చాలని ఆయనే కబురు పంపాడు.