భూమిసామికి పెద్దిల్లు

విజయనగరం నుంచి థాయ్‌లాండ్ దాకా ఎక్కడ వెతికినా తమ ఇంట్లో ఉన్నంత తెలివి ఇంకో ఇంట్లో కనపడదని అసిరమ్మకి గట్టి నమ్మకం. నమ్మకమేంటి, ఆవిడ లెక్కలో అది నిజమే. ఆ ఇంట్లో ఎవరైనా ఏదైనా చెబితే చెప్పింది చెప్పినట్టు చేస్తారు. ఒక మాట కలపరు, ఒక మాట తియ్యరు. మొగుడు పోలినాయుడు అంతే, మరిది గవరయ్య అంతే. విమానంలో కూర్చోగానే బెల్టు పెట్టుకోమన్నారని గవరయ్య లేచి నిలబడి, పైనున్న సంచీలోంచి తన తోలుబెల్టు తీసి పెట్టుకున్నాడు. పక్కవాళ్ళెవరికీ ఆ ఆలోచన రాలేదు. అది చూసి అసిరమ్మ, మనవాడు ఎక్కడైనా బతికేస్తాడు అనుకుంది.

ముగ్గురూ బ్యాంకాక్‌కి అవతల, చేపల డబ్బాల ఫ్యాక్టరీ ఉన్న ఒక చిన్న ఊళ్ళో ఇడ్లీ హోటలు పెట్టడానికి వచ్చారు. ఊళ్ళో ఉన్న పొలం, పాడి అన్నీ వదులుకుని వచ్చారు గనక ఇది నడవకపోతే వెనక్కి వెళ్ళడానికి ఏమీ లేదు. ఇల్లు ఇచ్చినావిడ పేరు మాలీ. ఒకప్పుడు బ్యాంకాక్‌లో ఒక తెలుగువాళ్ళింట్లో ఇరవై ఏళ్ళు వంట చేసింది గనక తెలుగు బాగా వచ్చు. ముగ్గురూ ఆవిణ్ణి పెద్దమ్మగారూ అని పిలిచేవారు.

తాళాలిచ్చి వెళ్తూ ఆవిడ వాకిట్లో ఒక స్తంభం చూపించింది. దాని మీద మనిషి తలెత్తులో చిన్న చెక్క ఇల్లు ఉంది. లోపల వేలెడంత ముసలాయన, ముసలావిడ బొమ్మలు.

"ఇది భూమిసామి ఇల్లు. ఈ స్థలానికి అసలు యజమాని ఆయనే. మీరు తర్వాత వచ్చినవాళ్ళు. ఏ పని చేసినా ముందు ఆయన్ని అడగండి. రోజూ పొద్దున్నే ఇంత ఫలహారం, ఒక ఎర్ర సోడా పెట్టండి. ఆయన సంతోషంగా ఉంటేనే మీ హోటలు నడుస్తుంది" అని చెప్పి బస్సెక్కి తన ఊరు వెళ్ళిపోయింది. అక్కడికి అరగంట ప్రయాణం.

ఇంకేముంది, పోలినాయుడు వెళ్ళి స్తంభం ముందు నిలబడ్డాడు.

"సామీ, స్నానం చెయ్యొచ్చా?"

జవాబు లేదు. కాసేపు చూసి మళ్ళీ అడిగాడు. లేదు.

"యజమాని ఒప్పుకోకుండా ఎలా చేస్తాం" అన్నాడు. అంతే, ముగ్గురూ రెండు రోజులు స్నానం చెయ్యలేదు. మూడో రోజుకి గవరయ్య దగ్గర నిలబడలేక అసిరమ్మ పెద్దమ్మగారికి ఫోను చేసింది.

"ఆయన మాట్లాడడమ్మా. మాట్లాడలేదంటే సరేనన్నట్టు" అంది ఆవిడ.

స్నానాలయ్యాయి. హోటలు తెరిచారు. ఇడ్లీ, సాంబారు, ఎర్ర సోడా సామి ముందు పెట్టారు. సాయంత్రం చూస్తే ఇడ్లీ అలాగే ఉంది. సోడా గీత కూడా దిగలేదు. హోటలుకి ఒక్క మనిషి రాలేదు. రెండో రోజూ అంతే, మూడో రోజూ అంతే. చేసిన ఇడ్లీ వాళ్ళే తిని వాళ్ళే బాగుందనుకున్నారు.

"ఆయన తినటం లేదు మావా. తినని మనిషికి సంతోషం ఎక్కణ్ణుంచి వస్తుంది" అంది అసిరమ్మ. మళ్ళీ ఫోను చేసింది.

"ఆయన నోటితో తినడమ్మా, వాసనే తీసుకుంటాడు. అది సరే, ఇంటి నీడ ఆయన మీద పడుతోందా? పడకూడదు. నీడ పడితే ఆయనకి కోపం. నీడ తీసెయ్యండి."

ముగ్గురూ వాకిట్లోకి వచ్చి చూశారు. నిజమే, వీళ్ళు వచ్చాక హోటలు ముందు వేయించిన రేకుల పందిరి నీడ సరిగ్గా సామి ఇంటి మీదే ఉంది. గవరయ్య చీపురు తెచ్చి నీడని ఊడ్చాడు. పోలేదు. నీళ్ళు కొట్టి కడిగాడు. తడిసింది గానీ పోలేదు.

"నీడ ఎక్కణ్ణుంచి వస్తోందో అక్కడ తియ్యాలిరా" అన్నాడు పోలినాయుడు.

అన్న తెలివికి గవరయ్య దణ్ణం పెట్టాడు. ఇద్దరూ నిచ్చెన వేసుకుని పందిరి రేకులన్నీ విప్పేశారు. పందిరి నీడ పోగానే వంటింటి నీడ పడింది. వంటింటి కప్పు కూడా విప్పేశారు. ఆకాశం కింద పొయ్యి పెట్టుకుని అసిరమ్మ సాంబారు కాచింది. ఎండకి మాడు కాలుతోంది. అయినా బాగుందనే అనుకుంది, ఎందుకంటే సామి ఇంటి మీద ఎండ పడి మెరుస్తోంది.

ఆ సాయంత్రం ఆవిడ మొదటిసారి కొంచెం ఏడ్చింది. హోటలు నడవకపోతే ఏం చేస్తామని కాదు. తెలివి ఉండి కూడా ఎందుకు నడవటం లేదని. పెద్దమ్మగారికే ఫోను చేసి అడిగింది.

"మొక్కుకోమ్మా. జనం వస్తే నీ ముందు ఆడిస్తానని మొక్కుకో. ఇక్కడ అందరూ అలాగే చేస్తారు."

అసిరమ్మ కొంగు నడుముకి చుట్టుకుని వెళ్ళి చేతులు జోడించింది. "సామీ, జనం వస్తే నీ ముందు ఆడిస్తాను."

మర్నాడు పొద్దున్న చేపల ఫ్యాక్టరీ ఆడవాళ్ళు ఆరుగురు వచ్చారు. వంటింటికి కప్పు లేదు గదా, సాంబారు వాసన రోడ్డు దాకా వెళ్ళింది. వాళ్ళు కూర్చోబోతుంటే అసిరమ్మ చెయ్యడ్డం పెట్టింది.

"ముందు ఆడాలి" అంది.

"వాళ్ళా వదినా, ఆడేది?" అన్నాడు గవరయ్య.

"జనం వస్తే ఆడిస్తానన్నాను. వచ్చింది వీళ్ళే గదా. మనం ఎలా ఆడతాం, మనం జనం కాదు."

గవరయ్య పళ్ళెం మీద గరిటెతో దరువు వేశాడు. అసిరమ్మ ఒకావిడ చెయ్యి పట్టుకుని సామి ఇంటి ముందు తిప్పింది. ఇదేదో వీళ్ళ దేశం పద్ధతి కాబోలు, ఆడితేగానీ ఇడ్లీ పెట్టరు కాబోలు అనుకుని వాళ్ళు ఆరుగురూ నవ్వుతూ ఆడారు. ఆడిన ఆకలికి తలా పది ఇడ్లీలు తిన్నారు. మర్నాడు ఇరవై మంది వచ్చారు, వస్తూనే ఆడటం మొదలుపెట్టారు. వారం తిరిగేసరికి బల్లలు చాలలేదు.

అసిరమ్మ ఆనందంగా పెద్దమ్మగారికి చెప్పింది.

"మంచిదమ్మా. వ్యాపారం పెరిగితే ఆయనకీ పెద్దిల్లు ఇవ్వాలి. మీరు పెద్దింట్లో ఉండి ఆయన్ని చిన్నింట్లో ఉంచితే బాగుండదు" అంది ఆవిడ.

ఆ మాట అసిరమ్మ గుండెకి తగిలింది. అవును, అసలు యజమాని స్తంభం మీద, అద్దెకొచ్చినవాళ్ళు మంచాల మీద. ఇన్నాళ్ళూ తనకెందుకు తట్టలేదని సిగ్గుపడింది. ఇంకేముంది, ముసలాయన, ముసలావిడ బొమ్మల్ని రెండు చేతులతో తీసుకెళ్ళి తమ మంచం మీద పడుకోబెట్టింది. ఫ్యాను వేసింది. దుప్పటి కప్పి, తలుపు దగ్గరగా వేసి వచ్చింది.

"పెద్దిల్లు ఆయనకి ఇచ్చేశాం. చిన్నిల్లు మనది. పద మావా" అంది.

ఇంటిపెద్ద గనక పోలినాయుడు ముందు వెళ్ళాలి. స్తంభం ముందు నిలబడి చిన్నింటి గుమ్మంలో తల పెట్టాడు. చెవుల దగ్గర కాస్త పట్టింది. గవరయ్య వెనకనుంచి నెట్టాడు. తల లోపలికి వెళ్ళింది, భుజాలు బయట ఆగాయి.

"లోపల ఎలా ఉందన్నా?"

"ఇరుగ్గా ఉందిరా. కిటికీ ఉంది, పరవాలేదు."

"వదినకీ నాకూ చోటుందా?"

"నా తలకే సరిపోయింది. మీరు వాకిట్లో సర్దుకోండి."

కాసేపటికి పోలినాయుడికి మెడ నొప్పెట్టింది. బయటికి రాబోతే తల రాలేదు. అసిరమ్మ ఫోను తీసింది.

"పెద్దమ్మగారూ, ఇల్లు మారాం. ఆయన లోపలికి వెళ్ళారు గానీ బయటికి రావటం లేదు."

పెద్దమ్మగారికి సగమే అర్థమైంది. ఆ సగానికే భయపడింది. "ఎక్కడివాళ్ళక్కడే ఉండండి. ఎవరూ కదలొద్దు. వస్తున్నాను."

అంతే. అసిరమ్మ చెవి దగ్గర ఫోను పట్టుకుని, రెండో చెయ్యి మొగుడి వైపు చాపి అలాగే ఉండిపోయింది. గవరయ్య పిక్క గోక్కోవడానికి ఒక కాలు ఎత్తి ఉన్నాడు, అది దించలేదు. పోలినాయుడు ఎలాగూ కదల్లేడు.

ఫ్యాక్టరీ ఆడవాళ్ళు ఫలహారానికి వచ్చారు. పిలిచారు, ఎవరూ పలకలేదు. భూమిసామి ఇంటి ముందు ముగ్గురు బిగుసుకుని నిలబడి ఉంటే ఏమనుకుంటారు? సామి పూనాడనుకున్నారు. ఒకావిడ అసిరమ్మ చాపిన చేతికి బంతిపూల దండ తగిలించింది. ఇంకొకావిడ గవరయ్య పాదం దగ్గర అగరుబత్తులు వెలిగించింది. ఎత్తిన కాలు కాదు, రెండోది. పొయ్యి మీద ఇడ్లీలు మాడుతున్నాయి. అసిరమ్మకి వాసన తెలుస్తూనే ఉంది. ప్రాణం గిలగిల్లాడింది. అయినా కదల్లేదు. ముక్కు మీద ఈగ వాలితే దాన్నీ ఉండనిచ్చింది. ఇంత నిష్ఠ ఇంకే ఇంట్లో ఉంటుందని లోపల్లోపల పొంగిపోయింది.

గంటకి పెద్దమ్మగారు వచ్చింది. కప్పులేని వంటింటినీ, చుట్టూ దండం పెడుతున్న జనాన్నీ, చెక్క ఇంట్లో తల ఇరుక్కున్న పోలినాయుణ్ణీ చూసింది.

"ఇంక చాలమ్మా. ముగ్గురూ కదలండి" అంది. లోపల బొమ్మలెక్కడున్నాయో చూడటానికి ఇంట్లోకి వెళ్ళింది.

అసిరమ్మ ఫోను దించింది. "విన్నావా మావా? కదలమంటోంది."

పోలినాయుడు కదిలాడు. గట్టిగా ఒక అడుగు వెనక్కి వేసేసరికి చెక్క ఇల్లు స్తంభం మీదనుంచి ఊడి అతని తలతోపాటే వచ్చేసింది.

"అన్నా, ఇల్లు కూడా వస్తోంది" అన్నాడు గవరయ్య.

"రానీరా. మార్చుకున్నాం గదా, ఇది మనదే" అన్నాడు పోలినాయుడు కిటికీలోంచి.

గవరయ్య అన్న చెయ్యి పట్టుకున్నాడు. అసిరమ్మ చేతి దండ సర్దుకుని ముందు నడిచింది. రోడ్డెక్కారు. అప్పుడే వచ్చి ఆగిన బస్సెక్కారు. పోలినాయుడి తల మీద భూమిసామి ఇంటిని చూసి బస్సులోవాళ్ళందరూ లేచి నిలబడి, చేతులు జోడించి చోటిచ్చారు. బస్సు బయల్దేరింది. వెనక రోడ్డు మీద పెద్దమ్మగారు రెండు చేతులూ ఊపుతూ పరిగెత్తుకొస్తోంది. ఎంత మంచి మనిషి, ఇంత దూరం వచ్చి సాగనంపుతోందని అసిరమ్మ కూడా చెయ్యి ఊపింది.

కండక్టరమ్మ దగ్గరికొచ్చి, ఎక్కడ దిగుతారని చెయ్యి తిప్పి అడిగింది.

"మాకేం తెలుసమ్మా. ఆవిడ కదలమంది గానీ ఎక్కడ ఆగాలో చెప్పలేదు" అంది అసిరమ్మ.