కోతకాలంలో గంగులప్ప

ఎవరేమడిగినా తిప్పేస్వామి గారు వెంటనే జవాబు చెప్పరు. ముందు లేచి వెళ్లి చేతులు కడుక్కుని వస్తారు. ముప్పై ఏళ్లకు పైగా వైన్ తయారుచేసిన మనిషికి ద్రాక్ష తొట్టి దగ్గరకు వెళ్లేముందు ఉండే అలవాటు అది. పని మానుకుని పదేళ్లయినా, హిందూపురంలో ఇంటి వరండాలో కూర్చుని ఉండగా కూడా అలవాటు పోలేదు. ఆయన చేతులు తుడుచుకుంటూ తిరిగి వచ్చారంటే అడిగినవాళ్లు సర్దుకుని కూర్చోవాలి. జవాబు పొడుగ్గా ఉంటుందన్నమాట. ఆయన దగ్గర పని నేర్చుకున్నవాళ్లు ఏడెనిమిది మంది ఉన్నారు. వాళ్లందరికీ ఆయన అయ్యవారు.

మార్చి నెలలో ఒక మధ్యాహ్నం వాళ్లలో చిన్నది మంజువాణి వచ్చింది. నంది కొండల వైపు ఒక చిన్న వైన్ కర్మాగారంలో తయారీ అంతా ఇప్పుడు ఆమె చేతిలోనే ఉంది. కోత మొదలై వారమైంది. అలాంటి రోజుల్లో కర్మాగారం వదిలి ఆమె ఇంత దూరం రావడమే వింత.

"మా ఖాజా వాళ్ల అన్న కదిరిలో చనిపోయాడు అయ్యవారూ," అంది. "మొన్న పోయి మట్టి చేసి, నిన్న పొద్దున్నే పనిలోకి వచ్చేశాడు. ద్రాక్షకు డ్రై ఐస్ వేసేది అతనే. కోత అయ్యాక ఊరికి పోతాను మేడమ్, నాకేం పర్వాలేదు అంటున్నాడు. ఉండమని నేను అడగలేదు. తనే ఉంటానంటున్నాడు. ఉండనివ్వడం తప్పంటారా?"

తిప్పేస్వామి గారు లేచి లోపలికి వెళ్లారు. చేతులు కడుక్కోవడానికి ఆ రోజు చాలాసేపే పట్టింది. వచ్చి కూర్చుని, తప్పనీ అనలేదు, కాదనీ అనలేదు. గంగులప్ప సంగతి చెప్పడం మొదలుపెట్టారు.

అది ఇరవై ఏళ్ల కిందటి మాట. తిప్పేస్వామి గారికి అప్పుడు యాభై దాటాయి. ఆయన పనిచేసే చోట గంగులప్ప అనే మనిషి ఉండేవాడు. గుండ్లవారిపల్లెలో నాలుగెకరాల చేను బోరు ఎండి బీడుపడితే కూలికి వచ్చినవాడు. పొడుగు మనిషి, మాట నెమ్మది. ద్రాక్షను చల్లబరిచే పని అతనికి అప్పగించారు.

నలిపిన ద్రాక్ష ఎండవేడికి తనకు తోచినట్టు పులియడం మొదలుపెడుతుంది. అలా పులిస్తే రంగూ వాసనా చెడతాయి. అందుకని నాలుగైదు రోజులు దాన్ని చల్లగా పట్టి ఉంచి, ఆ తర్వాతే పులియనిస్తారు. మామూలు ఐసు వేస్తే కరిగి రసం పలచబడుతుంది. డ్రై ఐస్ కరగదు. తెల్లటి పొగై పోతుంది, చుక్క నీరు మిగల్చదు. కాని దానితో పని ప్రమాదం. చేతికి తగిలితే కాలినట్టు బొబ్బ లేస్తుంది. ఆ పొగ నేలబారున పేరుకుంటే ఊపిరాడక మనిషి అక్కడే కూలిపోతాడు. తలుపులు బార్లా తెరిచి, గాలివాటం చూసుకుని, ఏ తొట్టికి ఎన్ని పారలు పడాలో తెలిసి వేయాలి. గంగులప్ప రెండు కోతల్లోనే ఆ పని క్షుణ్ణంగా పట్టుకున్నాడు.

అతనికి పెళ్లయిన పదకొండేళ్లకు ఒక్కతే కూతురు పుట్టింది. పేరు పుష్పవతి. సెలవుల్లో తండ్రి వెంట వచ్చి, గడప దాటి మెట్ల మీదుగా కిందికి పారే పొగలో అరచేతులు పెట్టి నిలబడేది. తొమ్మిదో ఏట, సరిగ్గా కోత మొదలవబోతుండగా, ఆ పిల్లకు జ్వరం వచ్చింది. నాలుగో రోజు టౌనుకు తీసుకుపోతుండగా దారిలోనే ప్రాణం పోయింది.

ఆ ఏడు ఎండలు ముందే ముదిరాయి. ద్రాక్ష అనుకున్నదానికంటే వారం ముందు పండింది. దానికి తోడు చల్లబరిచే యంత్రం కాలిపోయింది. బెంగళూరు నుంచి డ్రై ఐస్ పెట్టెలు వచ్చి దిగాయి. ఎంత మందపు పెట్టెలో పెట్టినా అది రెండు రోజులకు మించి నిలవదు. తిప్పేస్వామి గారు మోటారుసైకిలు తీసుకుని గుండ్లవారిపల్లె వెళ్లారు. పిల్లను మట్టి చేసి అది మూడో రోజు. పొద్దున్నే సమాధి మీద పాలు పోసి వచ్చి గంగులప్ప అరుగు మీద కూర్చుని ఉన్నాడు. అతని భార్య ఈరమ్మ గుమ్మానికి ఆనుకుని కూర్చుని ఉంది. చుట్టాలు నలుగురైదుగురు ఉన్నారు.

తిప్పేస్వామి గారు అతని పక్కనే కూర్చున్నారు. చెప్పదలచుకున్నది చెప్పారు.

"గంగులప్పా, ద్రాక్ష ఆగదు. నువ్వు తప్ప ఆ పని ఎవరికీ చేతకాదు. ఒక్క ఇరవై దినాలు మనసు గట్టి చేసుకో. కోత అయిపోతానే నెల రోజులు ఇంట్లో ఉందువు. నేనే పంపిస్తా."

గంగులప్ప ఈరమ్మ వైపు చూశాడు. ఆమె మోకాళ్ల మీదికి తల వాల్చేసింది. ఉండమనీ అనలేదు, పొమ్మనీ అనలేదు. అతను లోపలికి వెళ్లి చిలక్కొయ్యకున్న తువ్వాలు తీసుకుని, వచ్చి బండి వెనక ఎక్కాడు. అడ్డు చెప్పినవాళ్లు ఎవరూ లేరు.

ఆ ఇరవై రోజులూ గంగులప్ప పనిచేసినట్టు అంతకు ముందుగాని తర్వాతగాని ఎవరూ పనిచేయలేదని తిప్పేస్వామి గారు అంటారు. చీకటితో లేచేవాడు. షెడ్డు తలుపులు తీసి, చేతులకు తొడుగులు వేసుకుని, ఒక్కో తొట్టికీ కొలిచినట్టు వేసేవాడు. అన్నానికి పిలిస్తే వచ్చి తిని, కంచం కడిగి బోర్లించి వెళ్లేవాడు. పిలవకపోతే వచ్చేవాడు కాదు. ఎవరి ముందూ కంట తడి పెట్టలేదు. ఒకరోజు తిప్పేస్వామి గారు అతని భుజం మీద చెయ్యి వేసి, "ఎట్లా ఉంది గంగులప్పా?" అని అడిగారు.

"పది డిగ్రీలకు దిగింది సామీ," అన్నాడు గంగులప్ప.

తాను అడిగింది తొట్టి గురించి కాదని చెప్పడానికి తిప్పేస్వామి గారికి నోరు రాలేదు. ఒకవిధంగా ఆ జవాబు ఆయనకు ఊరటే ఇచ్చింది. ఆ సాయంత్రం మిగిలిన పనివాళ్లతో, మనిషంటే అట్లా ఉండాలని మెచ్చుకున్నారు కూడా.

ఆ ఏటి వైన్ చాలా బాగా కుదిరింది. కోత ముగిసిన మర్నాడు తిప్పేస్వామి గారు మాట ప్రకారం గంగులప్పను నెల రోజుల సెలవు మీద ఇంటికి పంపారు. అయిదో రోజు పొద్దున ఆయన వచ్చేసరికి గంగులప్ప షెడ్డు ముందు నీళ్లు కొట్టి ఊడుస్తున్నాడు.

"అప్పుడే వచ్చేసినావేం?" అని అడిగారు.

"ఇంట్లో నాకేం పని లేదు సామీ."

అంతకు మించి రాబట్టలేకపోయారు. రెండు రోజులు చూసి, ఆయనే గుండ్లవారిపల్లె వెళ్లారు. ఈరమ్మ వాకిట్లో కూర్చుని విత్తనానికి వేరుశనగ కాయలు ఒలుస్తోంది. ఇల్లు శుభ్రంగా అలికి ఉంది. ఆయన్ని చూసి లేచి మంచం వాల్చి, మళ్లీ కాయల ముందు కూర్చుంది. ఆయన అడగకముందే చెప్పింది. కోపంగా చెప్పలేదు. చేతిలో పని ఆపకుండానే చెప్పింది.

"మీరు మా చెడు కోరి పిలిచినారని అనను సామీ. ఆయప్ప మీ వెంట పోయినాక పదైదు దినాలు ఏడ్చినా. ఊర్లో ఆడోళ్లు వచ్చి కూర్చుంటా ఉండిరి. వాళ్లకూ పనులుంటాయి కదా, రాను రాను రాకపోయిరి. ఒక దినం లేచి, ఇంక చాలనుకున్నా. పాప గుడ్డలన్నీ మా చెల్లెలి బిడ్డకు ఇచ్చేస్తి. పుస్తకాలు బడిలో ఇచ్చేస్తి. ఇల్లు అలికినా. ఆ మర్నాడే ఆయప్ప వచ్చె. వస్తానే, పాప గౌను ఒకటి చూపించు అనె. యాడుంది నేను చూపించేదానికి? అప్పుడు కూలబడి ఏడవడం మొదలుపెట్టె."

ఆమె చేతులు ఆగాయి.

"నేను ఏడ్చినప్పుడు నువ్వు లేకపోతివి, ఇప్పుడు నువ్వు ఏడిస్తే నాకు కండ్లల్లో నీళ్లు రావడంలేదు అంటి. ఆ మాట అనకుండా ఉండాల్సింది సామీ. ఆ మాటతో ఆయప్ప ఏడుపు నిల్చిపాయ. ఆ మూడు దినాలూ గోడకు ఆనుకుని కూర్చుని, నాలుగో దినం లేచి వచ్చేసె."

తిప్పేస్వామి గారు ఆ మంచం మీద ఎంతసేపు కూర్చున్నారో ఆయనకే గుర్తు లేదు. వచ్చేటప్పుడు ఆమె ఒలిచిన గింజలు పిడికెడు కాగితంలో కట్టి చేతికిచ్చింది. ఆయన తీసుకున్నారు.

గంగులప్ప ఆ తర్వాత తొమ్మిదేళ్లు పనిచేశాడు. పండుగలకు ఇంటికి వెళ్లేవాడు. పైకప్పు బాగుచేసేవాడు, కట్టెలు కొట్టి పెట్టేవాడు, తిరిగి వచ్చేసేవాడు. ఆలుమగలు పోట్లాడుకున్నారని ఎవరూ వినలేదు. ఇద్దరూ ఒకచోట కూర్చుని మాట్లాడుకోగా చూసినవాళ్లూ లేరు. కూతురి పేరు అతని నోట మళ్లీ రాలేదు. ఒకే బిడ్డ కోసం ఇద్దరు మనుషులు విడివిడిగా ఏడ్చారు. ఒకరి ఏడుపు ఒకరికి అందలేదు. ఆరేళ్ల కిందట గంగులప్ప పోయినప్పుడు తిప్పేస్వామి గారు వెళ్లారు. ఈరమ్మ అప్పుడు కూడా పొడి కళ్లతోనే కూర్చుని ఉంది. ఆమెకు గుండె రాయి అని వెనక ఎవరో ఆడమనిషి అంటుంటే, ఆయన వెనక్కి తిరిగి, ఆ మాట అనొద్దని మాత్రం చెప్పగలిగారు.

అక్కడితో ఆపి తిప్పేస్వామి గారు కండువాతో ముఖం తుడుచుకున్నారు. వరండాలోకి ఎండ వచ్చి మంజువాణి పాదాల మీద పడింది. ఆమె కాళ్లు వెనక్కి తీసుకోలేదు.

ఖాజా ముఖం ఆమెకు ఇప్పుడు గుర్తొస్తోంది. నిన్న పొద్దున అతను వచ్చి నిలబడితే, ఆమెకు మొట్టమొదట కలిగింది సంతోషం. హమ్మయ్య, తొట్లకు భయం లేదనుకుంది. వాళ్ల అన్న పేరేమిటని కూడా అడగలేదు. పదేళ్లుగా తన దగ్గర పనిచేస్తున్న మనిషి. కదిరిలో అతని వదిన ఉంటుంది, తల్లి ఉంటుంది. వాళ్లు ఇప్పుడు ఎవరిని పట్టుకుని ఏడుస్తున్నారో.

ఫోను తీసి ఖాజాతో మాట్లాడింది. సాయంత్రం బస్సుకే కదిరి వెళ్లమంది. అతను ఏదో అనబోతే, "పని సంగతి నీకెందుకు, ముందు అమ్మ దగ్గరకు పో," అంది. అవతల నుంచి వినిపించినవి మాటలు కావు. ఆమె ఫోను చెవికి ఆనించుకుని, అతను తేరుకునేదాకా అలాగే ఉంది.

ఫోను పెట్టేశాక ఆమెకు కర్మాగారం గుర్తొచ్చింది.

"రేపు పొద్దున పెట్టెలు దిగుతాయి అయ్యవారూ. నాలుగు తొట్ల ద్రాక్ష. ఖాజాకు తప్ప ఆ పని ఎవరికీ..."

అని, ఆ మాట ఎక్కడ విన్నదో స్ఫురించి ఆగిపోయింది.

తిప్పేస్వామి గారు అప్పటికే లేచారు. కొక్కేనికి ఉన్న చొక్కా తీసి తొడుక్కుంటున్నారు. చెప్పుల కోసం చూస్తూ, "నీ కారులోనే పోదాం," అన్నారు.

డెబ్భై రెండేళ్ల మనిషి. మోకాళ్ల నొప్పులు. మంజువాణి కంగారుగా లేచి నిలబడింది.

"ఈ వయసులో మీకు చేతనవుతుందా అయ్యవారూ?"

ఆయన చొక్కా గుండీలు పెట్టుకోవడం ఆపి, ఆమె వైపు చూశారు.

"గంగులప్పను పిలుచుకొచ్చిన వయసులోనూ నాకు చేతనయ్యేదమ్మా," అన్నారు.