జంబయ్య కుట్టిన చల్లటి జోళ్లు

రోహిణి కార్తె వచ్చిందంటే ఆ కొండ పక్కన బతకడం నరకమే. పొదలకూ నీటి ఊటకూ మధ్య అంతా నల్లబండ. పొద్దునా సాయంత్రం ఊట దగ్గర రేచుకుక్కలు మాటు వేసి ఉంటాయి. చిన్న ప్రాణులు గొంతు తడుపుకోవాలంటే మిట్టమధ్యాహ్నం ఆ నిప్పుల బండ మీద పరుగెత్తాల్సిందే.

కనకాలు అనే కుందేలుకు ఆ పరుగు కొత్త కాదు. దాన్ని తరిమి తరిమి గుంటనక్క జంబయ్య ఎన్నిసార్లు నాలుక వేలాడేసుకున్నాడో! కానీ ఈసారి పొదలో పసికూనలు రెండున్నాయి. తల్లి నీళ్లు తాగకపోతే వాటికి పాలు రావు. కనకాలు కాళ్లేమో బొబ్బలెక్కి పుండ్లయ్యాయి. ఒకరోజు సగం దూరం వెళ్లి, అడుగు పడక ఏడుస్తూ వెనక్కి వచ్చింది. పిల్లలు ఎండిన రొమ్మునే చీకాయి.

మర్నాడు తెల్లారేసరికి తంగేడు పొద కింద జంబయ్య జోళ్ల దుకాణం పెట్టాడు. కట్టుకోవడానికి తాళ్లు లేవు, బిగించడానికి బొత్తాలు లేవు. కాలు దూరిస్తే చాలు. కుండలో నానుతున్న తోలు జోళ్లను ఒక్కో జతా పైకి తీసి చూపిస్తున్నాడు.

"పారిపోకు చెల్లెమ్మా! ఈ వయసులో నీ వెనక పరుగెత్తే ఓపిక నాకెక్కడిది? ఏదో చేతిపని చేసుకుంటున్నా."

కనకాలు తెలివితక్కువదేం కాదు. ఒక్క గెంతులో తప్పించుకునేంత దూరంలో నిలబడి, "ఆ జత ఇటు విసురు, చూస్తా," అంది.

విసిరాడు. మొదటి జత మడమ దగ్గర జారింది. ఇంకోటి వేళ్లను నొక్కింది. మూడోది తొడిగిందో లేదో, అబ్బబ్బా, మండే పుండు మీద వెన్న రాసినట్టయింది. వేళ్లు ఆడించి చూసింది. మడమ ఎత్తి దించింది. అటూ ఇటూ గెంతింది. ఎక్కడా ఒరుసుకోవడం లేదు. ముందు కాళ్లకూ అలాంటివే ఏరుకుంది.

"ఎంత మెత్తగా ఉన్నాయన్నా!"

"ఎండాకాలానికనే కుట్టాను. చల్లగా ఉండాలని నీళ్లలో వేశాను."

పొదలోంచి తొండ తల బయటపెట్టాడు. "ఈ ఏడు నా తంగేడు బెరడు ఎవరూ ఒలవలేదే! బెరడు నానిన నీళ్లలో ఊరనిదే పచ్చితోలు పదునెక్కదు కదా. మరి దీన్ని దేనితో పదును చేశావు జంబయ్యా?"

"చెప్పులు తొడగనివాడివి, తోలు గొడవ నీకెందుకయ్యా? ఊరికే తల ఊపుకుంటూ కూర్చో."

కనకాలు పకపకా నవ్వింది. దాని తెలివి మండ! కొలత చూసింది, కుట్టు చూసింది, అడుగు వంచి మరీ చూసింది. తొండ అడిగినదానికి జవాబు రాలేదన్న సంగతి మాత్రం పట్టించుకోలేదు.

"నేనేమివ్వాలి?" అని అడిగింది.

"ఇప్పుడేమీ వద్దమ్మా. హాయిగా తొడుక్కుని నడువు. తర్వాత నేనే వచ్చి తీసుకుంటా."

మధ్యాహ్నం దాకా జోళ్లను తడి ఆరకుండా నీడలో దాచి, సూర్యుడు నెత్తి మీదికొచ్చాక తొడుక్కుని కనకాలు బండ ఎక్కింది. కాలికి సెగ తగలడమే లేదు! ఇంకేముంది, ఈ పూట పిల్లలు కడుపునిండా తాగుతారనుకుంటూ ఉరికింది.

సగం బండ దాటేసరికి తడి ఆరింది. వేళ్లు ఒకదాని మీదికొకటి ఎక్కాయి. ఇంకాస్త పోయేసరికి తోలు ముడుచుకుపోయి ఎముకల్ని పట్టేసింది. కూలబడి పళ్లతో లాగింది. ఎండిన తోలు చెక్కలా బిగిసింది, పన్ను దిగలేదు. లేవబోయి బోర్లా పడింది.

ఊట వైపు నుంచి జంబయ్య తాపీగా నడిచొచ్చాడు. అతని కాళ్లకు పదునెక్కిన పాత తోలు జోళ్లున్నాయి.

"బిగుసుకుపోయాయన్నా! చచ్చిపోతున్నా, ఊడబెరుకు!"

"పచ్చితోలు కదా, ఎండకి అంతే. తడిస్తే మళ్లీ వదులవుతాయిలే."

కనకాలు అతని వెనక మెరుస్తున్న నీళ్లకేసి చూసింది. పొట్ట మీద పాకడం మొదలెట్టింది. జంబయ్య వచ్చి దారికడ్డంగా కూర్చున్నాడు.

"ఒక్కసారి పోనివ్వన్నా. పిల్లలు ఇంకా గడ్డి కొరకలేరు. వాళ్లకింత పాలిచ్చి నేనే వస్తా, ఒట్టు!"

"వస్తావు, నాకు తెలుసు," అన్నాడు జంబయ్య. "కానీ నాకూ పొద్దుట్నించీ ఆకలే చెల్లెమ్మా."

కనకాలు అరుపు పొదల దాకా వినిపించింది. అమ్మ పిలుస్తోందనుకుని కూనలు రెండూ నోళ్లు తెరిచాయి.

అందుకే, కాలికి హాయిగా ఉందని మురిసిపోయే ముందు అది ఏం తోలో అడగండి. అమ్మేవాడు మాట దాటేస్తే, మండే కాళ్లతోనైనా సరే ఇంటికి పోండి.