అసిరయ్య కోయని వల

మా పాలెంలో అసిరయ్య అనే జాలరి ఉండేవాడు. మబ్బు పట్టినా అది ఎవరో తనమీదికి తోలారేమోనని అనుమానపడేవాడు. నన్ను కూడా అనుమానించాడంటే చూడండి. నా కేకకు కెరటాలు అడుగు వెనక్కి వేసే రోజులవి.

అతనికి ఉన్నది ఒక్కటే వల. అది మూలపడితే మరొకరి పడవలో కూలికి పోవాల్సిందే. ఆ వలకు తరచూ చిల్లులు పడేవి. మొదట పక్కింటివాళ్ళ కత్తి పని అన్నాడు. తర్వాత తోడల్లుడి కుట్ర అన్నాడు. చివరికి సొరచేపలే కొరుకుతున్నాయని తేల్చాడు.

ఒకనాడు ఇద్దరం వేటకు వెళ్ళాం. పదిమంది లాగాల్సిన వలను నేను చిటికెనవేలితో లాగేశాను. అందులో ఒక సొర పడింది. దాని కడుపు నిండుగా ఉంది. కడుపుతో ఉన్న సొర పడితే వల కోసి వదిలేయడం మా పాలెం కట్టుబాటు.

"కొయ్యి బావా. రేపు నేనే కుట్టిపెడతాను," అన్నాను.

అసిరయ్య నన్ను ఎగాదిగా చూశాడు. "నేను వదిలితే వెనకాలే తన పడవలో వస్తున్న నీ తమ్ముడు పట్టుకుంటాడు. సొర రెక్కలు కొనే ఆ బేరగాడితో ఎప్పుడు మాట్లాడుకున్నారు బావా?"

అతను వల కోయలేదు; తుఫానుకే ఎదురు జవాబు చెప్పిన నేను పడవను ఒడ్డుకు తిప్పాను. ఒడ్డున సొరను కోస్తే కడుపులో ఏడు పిల్లలున్నాయి. ఈ ఒక్క లెక్క నేను పెంచి చెప్పడం లేదు.

అతన్ని చూసి మిగతావాళ్ళూ కట్టుబాటు వదిలేశారు. రెక్కల కోసం బయటి మరపడవలూ వచ్చిపడ్డాయి. సొర ఎదిగి ఈనడానికి ఏళ్ళు పడుతుంది, ఈనినా గుప్పెడు పిల్లలే. మూడేళ్ళలో మా వైపు సొర జాడ లేకుండా పోయింది.

అసిరయ్య నిశ్చింతగా వల వేశాడు. చిల్లులు తగ్గలేదు సరికదా, పదింతలయ్యాయి. ఒక ఉదయం వల ఎత్తితే కొత్త చిల్లు అంచున ఒక పీత దారం కొరుకుతూ వేలాడుతోంది. దాని కింద వలంతా పీతలే.

"ఇన్నాళ్ళూ వీటిని తింటున్నది ఎవరు బావా?" అన్నాడు మెల్లగా.

"ఏ సొర కోసం నువ్వు వల కోయలేదో, ఆ సొరే," అన్నాను.

ఆ వల ఇక కుట్టడానికి కూడా పనికిరాలేదు. అసిరయ్య మా తమ్ముడి పడవలోనే కూలికి ఎక్కాడు. చాలా ఏళ్ళకు తమ్ముడి వలలో కడుపుతో ఉన్న సొర ఒకటి పడింది. ఎవరూ చెప్పకముందే అసిరయ్య కత్తి తీసి వల కోశాడు. ఆ సొర నీళ్ళలో కనుమరుగయ్యేదాకా దాన్నే చూస్తూ నిలబడ్డాడు.

నిజం తెలుసుకోకుండా అనుమానంతో ఒక ప్రాణాన్ని తుడిచిపెడితే, అది ఇన్నాళ్ళూ మనకు చేసిన కాపలా కూడా దానితోనే పోతుంది.