చల్లారేదాకా

ఒక రాజ్యంలో ఒక ముసలమ్మ ఉండేది. ఇంట్లోనే విల్లులు చేసేది. కోటలో సైనికుల భుజాన వేలాడే ప్రతి విల్లూ ఆవిడ వంటింట్లో వంగిందే.

వంటింట్లో అన్నది మాటవరసకి కాదు. పొయ్యి మీద పెద్ద రాగి కాగు. కాగు మూతిలోంచి ఒక వెదురు గొట్టం. ఆ గొట్టం పోయి ఒక పొడుగాటి చెక్కపెట్టెలో దూరుతుంది. పెట్టెలో చేవ ఉన్న కర్ర పడుకుని ఉంటుంది. కింద నీళ్ళు మరిగితే పైన కర్రకి ఆవిరి పడుతుంది. పొద్దున పెట్టిన కర్ర మధ్యాహ్నానికి మెత్తబడుతుంది. పండగపూట అదే కాగు మీద కుడుములు కూడా ఉడికేవి. కుడుములకి కాస్త కర్ర వాసన, కర్రకి కాస్త కుడుముల వాసన. ఎవరూ ఏమీ అనుకోలేదు.

అసలు పని కర్ర బయటికొచ్చాకే. పది ఊపిర్లు. అంతే గడువు. ఆ పది ఊపిర్లలో కర్రని అచ్చు మీద పెట్టి, రెండు చివరలూ ఇద్దరు మనుషులు పట్టుకుని కిందికి వంచాలి. ఆలస్యమైతే ఫట్‌మంటుంది. వంచాక చల్లారేదాకా వదలకూడదు. ముందే వదిలేస్తే మళ్ళీ తిన్నగా అయిపోతుంది, ఇంతసేపూ ఎవరూ ఏమీ చెయ్యనట్టు.

తాళ్ళతో కట్టెయ్యొచ్చు కదా అంటారు మీరు. అందరూ అన్నారు. ఆవిడ వినలేదు. కర్ర ఎక్కడ మొండికేస్తోందో తాడుకి తెలియదు, చేతికి తెలుస్తుంది అనేది. మొగుడు ఉన్నన్నాళ్ళూ రెండో చివర ఆయన పట్టుకునేవాడు. ఆయన పోయాక, కర్ర దించే వేళకి గుమ్మం ముందు ఎవరుంటే వాళ్ళే పట్టుకోవాలి. అది ఆ వీధి కట్టుబాటు. అందుకే తడికర్ర వాసన వచ్చిందంటే చాలు, జనం పక్కసందులోంచి పోయేవారు. ఒకసారి పెళ్ళి ఊరేగింపు కూడా అటే పోయింది.

ఇక రాజుగారి సంగతి.

ఆ రాజ్యంలో ఒక చట్టం ఉంది. రాజు తల కన్నా ఎవరి తలా ఎత్తులో ఉండకూడదు. ఈ రాజు చేసింది కాదు లెండి. ఆయన తాత చేశాడు. తాత బాగా పొట్టి. జనం మొదట్లో కాస్త వంగేవారు. తరవాత భయం కొద్దీ ఇంకాస్త వంగారు. వంగగా వంగగా చివరికి బోర్లా పడుకుని మొర పెట్టుకోవడం అలవాటైపోయింది. మంత్రి ఒక్కడికే, రాజుగారి భుజం దాకా నిలబడొచ్చని మినహాయింపు.

నేల మీద మొహం పెట్టి మాట్లాడితే ఆ మాట నేలకే వినిపిస్తుంది. రాజుకి వినిపించేది గుడగుడ. ఆయన మంత్రి వైపు తిరిగి, "ఏమంటున్నారు?" అని అడిగేవాడు.

"తమర్ని పొగుడుతున్నారు ప్రభూ" అనేవాడు మంత్రి.

రాజు సిగ్గుపడేవాడు. పాపం, నిజంగానే సిగ్గుపడేవాడు.

ఈ మంత్రిగారి కన్ను ముసలమ్మ కాగు మీద పడింది. కాగు, పెట్టె, అచ్చు మూడూ కోటకి తరలిస్తే విల్లుల పెత్తనమంతా తనదే. ఫలానా రోజున వచ్చి పట్టుకుపోతాం అని మనుషుల చేత చెప్పించాడు. కాగు పోతే ఆవిడకి విల్లు లేదు, కుడుము లేదు, తెల్లారి లేచి చెయ్యడానికి పనే లేదు. మూడుసార్లు కోటకి వెళ్ళింది. మూడుసార్లూ బోర్లా పడుకుని ఏడ్చింది.

మూడోసారి రాజుకే ఏదోలా అనిపించింది. "ఈవిడ ఇంతగా ఏమంటోంది?"

"తన కాగుని తమకి కానుకగా ఇచ్చుకుంటానంటోంది ప్రభూ. తమరే స్వయంగా వచ్చి స్వీకరించాలని ఒకటే పట్టు."

అబద్ధానికి మంత్రి ఉప్పూ కారం కాస్త ఎక్కువే వేశాడు. అదే కొంప ముంచింది. రాజు కరిగిపోయి, "అయ్యో, అంత అభిమానమా! తప్పకుండా వస్తానని చెప్పండి" అన్నాడు.

రాజుగారు ఏ రోజు, ఏ వేళకి వస్తారో ఊరంతా చాటింపు వేశారు. ముసలమ్మ చాటింపు మొత్తం విని, వేళ్ళ మీద లెక్క చూసుకుంది. ఆ రోజు పొద్దున్నే మంచి కర్ర ఒకటి ఏరి పెట్టెలో పెట్టింది. వీధి మొదట్లో డప్పులు వినబడగానే పొయ్యిలోకి ఇంకో రెండు కట్టెలు తోసింది. వీధి జనానికి తడికర్ర వాసన తగిలింది కానీ, పక్కసందులోకి పోవడానికి లేదు. రాజుగారొస్తుంటే ఎక్కడివాళ్ళక్కడ మోకాళ్ళ మీద ఉండాలి.

రాజు కుడికాలు గుమ్మంలో పెట్టి, దారంతా మననం చేసుకున్న రెండు మంచి మాటలు చెప్పబోయాడు. సరిగ్గా అప్పుడే ముసలమ్మ పెట్టె మూత తీసింది. ఇల్లంతా ఆవిరి.

"ఎవరది గుమ్మంలో? రండి రండి! ఈ గోనెగుడ్డ తీసుకుని ఆ చివర పట్టుకోండి! ఊఁ, త్వరగా! కిందికి! ఇంకా కిందికి! మోకాళ్ళ మీద కూచోండి, అలా నిలబడితే ఎలా!"

రాజుకి పుట్టి బుద్ధెరిగాక ఎవరూ పని చెప్పలేదు. అందుకని కాదనడం ఎలాగో ఆయనకి తెలియదు. చూస్తూ చూస్తూ ఉండగానే గోనెగుడ్డ ఆయన చేతిలో ఉంది, కర్ర చివర గోనెగుడ్డలో ఉంది, మోకాళ్ళు పేడ అలికిన నేల మీద ఉన్నాయి. అచ్చు నేలలో పాతిన మొద్దు. దాని మీద కర్ర వంగుతుంటే రాజు తల కూడా దాంతోపాటు కిందికి దిగింది.

గుమ్మం బయట మంత్రి, రాజుగారి భుజం ఎక్కడుందో చూసుకున్నాడు. పై ప్రాణం పైనే పోయింది. దబ్బున పడ్డాడు. గుమ్మం పక్కనే అంట్లు తోమిన నీళ్ళు పారే కాలవ ఉంది. ఇంకెక్కడా చోటు లేక అందులోనే పడ్డాడు. వీధిలో మోకాళ్ళ మీద ఉన్నవాళ్ళంతా బోర్లా పడ్డారు. డప్పులవాళ్ళు డప్పుల మీద పడ్డారు. గుర్రాల్ని పడుకోబెట్టడానికి భటులు నానా తంటాలు పడ్డారు.

లోపల రాజు, ముసలమ్మ చెరో చివరా పట్టుకుని ఎదురెదురుగా కూచున్నారు. మధ్యలో మూరెడు దూరం.

"ఎంతసేపు?" అన్నాడు రాజు.

"చల్లారేదాకా."

"నువ్వు నాకు దండం పెట్టలేదు" అన్నాడు రాజు. కోపంతో కాదు, వింతగా ఉండి.

"పెడతాను బాబూ. దండానికి రెండు చేతులూ కావాలి కదా. నేను వదిలానంటే ఈ కర్ర లేచొచ్చి మీ ముక్కు పగలగొడుతుంది. పెట్టమంటారా?"

రాజు తన ముక్కు గురించి ఆలోచించాడు. "వద్దులే అవ్వా" అన్నాడు.

మనిషి మొహం అంత దగ్గరగా చూసి ఆయనకి చాలా ఏళ్ళైంది. ముడతలు, చెమట, పెదవి పైన చిన్న పుట్టుమచ్చ. చూడ్డానికి బాగానే ఉంది.

"కాగు కానుకగా ఇస్తానన్నావట. చాలా సంతోషం."

"నేనా! కాగు తీసుకుపోకండి, అది పోయాక నేనేం పెట్టుకు బతకను అని ఏడ్చాను బాబూ. మూడుసార్లు ఏడ్చాను."

"మొదటిసారి నన్ను పొగిడావు కదా?"

"లేదు."

"మరి రెండోసారి?"

"రెండోసారి మీ మంత్రిని తిట్టాను."

"ఏమని?"

"పెద్దదాన్ని బాబూ. మళ్ళీ నా నోట చెప్పించకండి."

కాలవలోంచి మంత్రి ఇదంతా విన్నాడు. "అబద్ధం ప్రభూ! అంతా అబద్ధం!" అని అరిచాడు. మొహం నీళ్ళలో ఉంది కనక బయటికి బుడగలొచ్చాయి. గుడగుడ.

"ఏమంటున్నాడు?" అన్నాడు రాజు.

ముసలమ్మ చెవి ఒగ్గి విన్నట్టు నటించింది. "మిమ్మల్ని పొగుడుతున్నారు బాబూ."

మళ్ళీ గుడగుడ, ఈసారి ఇంకా గట్టిగా.

"ఇప్పుడో?"

"కాగు ఇక్కడే ఉండాలంటున్నారు. ఒకటే పట్టు."

రాజు ఆవిడ మొహంలోకి చూశాడు. ఆవిడ కళ్ళలో అల్లరి దాచినా దాగలేదు. ఆయనకి తెలివి లేక కాదు, ఇన్నాళ్ళూ ఎవరి కళ్ళూ ఆయన కళ్ళ ఎత్తులో లేవు, అంతే. తాను విన్న పొగడ్తలన్నీ ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. ముందు సిగ్గేసింది, తరవాత ఒళ్ళు మండింది, ఆ తరవాత నవ్వొచ్చింది. భుజాలు కదిలేలా నవ్వాడు.

"నవ్వకండి! కర్ర కదులుతోంది!" అని ముసలమ్మ కసిరింది. కసురుతూ తనూ నవ్వింది.

"కాగు నీదే అవ్వా. పెట్టె, అచ్చు కూడా నీవే. నేను బతికుండగా వాటిని ఎవరూ ముట్టుకోరు. ఇది నా మాట."

ముసలమ్మకి కళ్ళనీళ్ళు తిరిగాయి. తుడుచుకోవడానికి చేతులు ఖాళీ లేవు. "నూరేళ్ళు చల్లగా ఉండు నాయనా" అంది. మనసు తేలికపడి, చాలా రోజుల తరవాత, తన పని తను చూసుకుంది.

చూస్తే కర్ర అద్భుతంగా వంగింది. ఎప్పుడూ వీధినపోయే వాళ్ళ చేతులే కదా, సగంలో నొప్పెట్టి సడలించేవారు. ఇవి నెయ్యి తిని పెరిగిన చేతులు, ఏనాడూ అలిసిపోని చేతులు. పట్టింది పట్టినట్టే ఉన్నాయి. అలాంటి వంపు ఆవిడ తన జన్మలో తియ్యలేదు. ఇంకాస్త చల్లారితే చాలు.

అప్పుడు వీధిలోంచి ఒక గొంతు లేచింది. పక్కింటి కుమ్మరిది.

ముసలమ్మ కాగు దక్కిందన్న కబురు గుమ్మం దాటి, పడుకున్న జనం మీదుగా పాకి అతని దాకా వచ్చింది. అతని చక్రాన్ని మంత్రి మనుషులు నిన్ననే బండికెత్తి పట్టుకుపోయారు. పిసికి పెట్టిన మట్టి పెట్టినట్టే ఎండిపోతోంది. ఇంత దగ్గరికి రాజు మళ్ళీ ఎప్పుడొస్తాడు! దుమ్ములో మొహం పెట్టి, ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి అరిచాడు. "నా చక్రం ఇప్పించండి మహారాజా! పిల్లలు గలవాణ్ణి!"

రాజుకి గుడగుడ వినిపించింది. ముసలమ్మకి ప్రతి మాటా వినిపించింది. నలభై ఏళ్ళ పక్కిల్లు. గోడ అవతల అతను గొణుక్కున్నా ఆవిడకి తెలుస్తుంది.

"ఏమంటున్నాడు అవ్వా? పోనీ నేనే వెళ్ళి విని రానా?" రాజు వేళ్ళు కాస్త సడలాయి.

ముసలమ్మ నోరు తెరిచింది. చెప్పాలనే తెరిచింది. అంతలో కర్ర ఆవిడ చేతి కింద చిన్నగా కదిలింది. ఇంకా గోరువెచ్చగానే ఉంది. ఇప్పుడు వదిలితే అంతా పోతుంది.

"అది దగ్గు బాబూ" అంది. "వీధిలో దుమ్ము కదా. మీరు కదలకండి."

రాజు కదల్లేదు. వేళ్ళు మళ్ళీ గట్టిగా బిగించాడు. ఆవిడ మాట మీద ఆయనకి ఇప్పుడు పూర్తి నమ్మకం.

"పాపం" అన్నాడు. "ఏదన్నా కషాయం ఇప్పిద్దామా?"

"ముందు ఇది చల్లారనివ్వండి. తరవాత చూద్దాం."

బయట కుమ్మరి ఈసారి, "పెద్దమ్మా!" అని పిలిచి మరీ దగ్గాడు.