సుగుణ లెక్కకు అందని తోకచుక్క

కళింగపట్నంలో సుగుణ అనే లెక్కల టీచరు ఉండేది. తెలివికేం లోటు లేదు గానీ, కంప్యూటర్ చెప్పాక ఇక కళ్ళతో చూడటం దండగనుకునే రకం.

ఆ ఏడు ఒక తోకచుక్క సూర్యుడి వైపు వస్తోందని తెలిసి, ఆమె మామగారు అప్పలసూరి చిన్నపిల్లాడైపోయాడు. ఆయన ఏడేళ్ళవాడిగా ఉన్నప్పుడు ఊరంతా తోకచుక్కను చూస్తుంటే, ఆయనొక్కడూ నిద్రపోయాడు. ఎవరూ లేపలేదు. ఆ బెంగ అరవై ఏళ్ళుగా అలాగే ఉండిపోయింది. "ఈసారైనా చూపించమ్మా" అని కోడల్ని అడిగాడు.

సుగుణ కంప్యూటర్లో ఖగోళ సాఫ్ట్‌వేర్ తెరిచింది. పోయిన నెల ఎవరో చూసి రాసిన వెలుగు కొలతలు అందులో పెట్టి, లెక్క తీసింది. ఆ లెక్కలో అంకె తగ్గేకొద్దీ వెలుగు పెరుగుతుంది. ఆరు దాటితే మామూలు కంటికి ఆనదు. మర్నాటికి ఎనిమిది వచ్చింది, మూడు వారాలకు నాలుగు. రోజూ ఆకాశం చూసి కొలతలు సరిచేసుకోమని అక్కడే రాసి ఉంది. అంత పొద్దున్నే ఎవరు లేస్తారులే అనుకుంది సుగుణ.

మర్నాడు వేకువన అప్పలసూరి డాబా ఎక్కాడు. సముద్రం ఇంకా నిద్రలోనే ఉన్నట్టుంది. నీటికి కాస్త పైన, పాలు ఒలికినట్టు మెత్తని వెలుగు. ఆయన ఒళ్ళు ఝల్లుమంది.

"అమ్మా సుగుణా! ఓపాలి పైకి రా. ఏటో తెల్లగా కనిపిస్తన్నాది!" అని మెట్ల మీంచి కేకేశాడు.

సుగుణ మంచం దిగలేదు. "ఇవాళ ఎనిమిది మామయ్యా! కంటికి కనిపించే ప్రశ్నే లేదు. అది మబ్బు. మూడు వారాలాగితే నేనే చూపిస్తాను. చలిలో నిలబడకండి, వచ్చేయండి" అంది.

కోడలు చదువుకున్నది. మబ్బే కాబోలనుకొని ఆయన కిందికి దిగాడు.

తర్వాత మూడు వారాలూ వేళ్ళ మీద రోజులు లెక్కపెట్టుకుంటూ గడిపాడు. ఆ రోజు రానే వచ్చింది. వేకువనే ఉతికిన పంచె కట్టుకొని, కోడలితో పాటు ఇసుకలో కూర్చున్నాడు. చుక్కలు ఒక్కొక్కటే కరిగిపోయాయి. తూరుపు తెల్లబడింది. తోకచుక్క జాడే లేదు.

సుగుణ కంగారుగా ఫోను తెరిచింది. సరిగ్గా మూడు వారాల కిందట, మామగారు పిలిచిన ఆ వేకువనే, తోకచుక్క పగిలి ఒక్కసారిగా వెలిగిందట. రెండు రోజులు వేకువన లేచి చూసినవాళ్ళకు కనిపించి, పొడై చెదిరిపోయిందట.

ఆమె ఫోను పక్కన పెట్టేసింది. "మామయ్యా, ఆ రోజు మీరు చూసింది తోకచుక్కే. తప్పు నాదే" అంది.

అప్పలసూరి పంచెకంటిన ఇసుక దులుపుకున్నాడు.

"నువ్వు మబ్బన్నావని, సరిగ్గా చూడనేదమ్మా" అన్నాడు.

లెక్క ఎంత గొప్పదైనా కంటితో సరిచూసుకోవాలి. చూసినవాడి మాటను చూడకుండా కొట్టిపారేయకూడదు.